దారప్పోగులు

మా పేట పేరు కార్ఖానా. సికిందరాబాదులో జూబ్లీ బస్ స్టేషను దాటి తిరుమలగిరి వైపు వెళ్ళే దారిలో, కంటోన్మెంటు ప్రాంతంలో ఉంటుంది. కొత్తవాళ్ళకు చిరునామా చెబితే "ఏ కార్ఖానా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఏ కార్ఖానా కాదండీ, ఉత్త కార్ఖానాయే అని నవ్వడం మాకు అలవాటు. ఊరి పేరే కార్ఖానా అయినప్పుడు అక్కడ ఏం తయారవుతుందో చెప్పవలసిన బాధ్యత ఊరివాళ్ళకు ఉండదు.

ఆ కార్ఖానాలోనే ఒక చిన్న పరీక్షల ల్యాబులో నా ఉద్యోగం మొదలైంది. 1994వ సంవత్సరం, వానాకాలం. డిప్లొమా చేతికి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. తెల్లకోటు వేసుకుని, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, ఒంటికన్నుతో లోకాన్ని చూడటం గొప్పగా ఉండేది. పక్కనున్న బేగంపేటలోనే కదా 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది! ఆ గాలి నాకూ కాస్త సోకిందనుకునేదాన్ని. కళ్ళుంటే చాలు, కనిపించినదంతా అర్థమవుతుందని నమ్మే వయసు.

ఈ టపా అప్పుడు నేను చేసిన ఒక పొరపాటు గురించి. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మా ఇంటి వెనక వాటాలో ఒక పిన్నిగారు ఉండేవారు. రక్తసంబంధం లేదు గాని, మా అమ్మకు చెల్లెలి వరస. ఒక సోమవారం ఉదయం ఆవిడ మూత్రం సీసా పట్టుకుని మా ల్యాబుకు వచ్చారు. మూడు రోజులుగా మంట, సన్నగా జ్వరం. డాక్టరుగారు కల్చరు పరీక్ష రాశారు. "ఎక్కడికో ఎందుకు, మన పిల్ల ఉంది కదా అని వచ్చానమ్మా" అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. సీసా తీసుకున్నాను. పేరు, వయసు రాసుకున్నాను. ఇంకేమీ అడగలేదు.

మూత్రాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పి, అడుగున దిగినదాన్ని స్లైడు మీద పులిమి, గ్రామ్ రంగులు వేశాను. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డేనిష్ వైద్యుడు కనిపెట్టిన పద్ధతి అది. గోడ మందంగా ఉన్న బాక్టీరియా ఊదారంగులో నిలుస్తాయి. పల్చని గోడవి ఆ రంగును వదిలేసి, చివర వేసిన గులాబీరంగును పట్టుకుంటాయి. వెయ్యి రెట్లు పెద్దదిగా చూపించే కటకం కింద చూశాను. చీము కణాలు బోలెడు. మామూలుగా అలాంటి స్లైడులో గులాబీరంగు పొట్టి కడ్డీలు, అంటే ఇ.కోలై బాక్టీరియా, బియ్యపు నూకల్లా చెల్లాచెదురుగా కనపడాలి. ఒక్కటీ లేదు. వాటి బదులు అక్కడక్కడ పొడుగాటి సన్నని గులాబీరంగు పోగులు. కొన్ని వంకర తిరిగి ఉన్నాయి. ఒకదాని నడుమ చిన్న బుడిపె కూడా ఉంది.

దూది పోగులనుకున్నాను. సీసా తుడిచిన గుడ్డలోంచి ఊడిన దారాలనుకున్నాను. స్లైడును తొట్టిలో వేసేశాను.

కల్చరు పలకల మీద రెండు రోజులైనా ఏమీ మొలవలేదు. "చీము కణాలు అధికం, బాక్టీరియా పెరుగుదల లేదు" అని రిపోర్టు రాసి ఇచ్చాను. రాసిన అక్షరాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆదివారం రాత్రి పిన్నిగారికి దవడలు కొట్టుకునేంత చలి, నూట నాలుగు జ్వరం, నడుము నొప్పి. తెల్లారేసరికి మాటలు తడబడుతున్నాయి. ఆసుపత్రిలో చేర్చారు. ఇన్‌ఫెక్షను మూత్రపిండానికి ఎక్కి, రక్తంలోకి దిగిందన్నారు. అక్కడ చేసిన కల్చరులో ఇ.కోలై పుష్కలంగా పెరిగింది. పన్నెండు రోజులు సూదులు వేశాక ఆవిడ కోలుకుని ఇంటికి వచ్చారు. సగానికి సగం చిక్కిపోయి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చారు.

నా రిపోర్టు తరువాతే ఇన్‌ఫెక్షను వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడం సులువుగా ఉండింది.

మూడేళ్ళ తరువాత ఒక శిక్షణ తరగతిలో మా ఉపాధ్యాయురాలు ఒక స్లైడు పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి చూడమన్నారు. నా వంతు వచ్చింది. కన్ను ఆనించగానే ఒళ్ళు ఝల్లుమంది. అవే పోగులు. అదే గులాబీరంగు, అవే వంకరలు, నడుమ అదే బుడిపె. "ఏమిటమ్మా ఇవి?" అని అడిగారావిడ. నా నోట మాట రాలేదు. ఆవిడే చెప్పారు: "ఇ.కోలై. రెండు గంటల సేపు సెఫలెక్సిన్‌లో ఉంచాను."

ఆ సాయంత్రం పిన్నిగారింటికి వెళ్ళి, మాటల్లో మాటగా, "అప్పట్లో జబ్బుపడ్డప్పుడు, మా ల్యాబుకు రాకముందే ఏమైనా మందు వేసుకున్నారా?" అని అడిగాను. "మందుల షాపులో అబ్బాయి ఏవో క్యాప్సూళ్ళు ఇచ్చాడు. శనివారం నుంచి వేసుకున్నాను. నీ దగ్గరకి వచ్చిన రోజు పొద్దున కూడా ఒకటి వేసుకునే వచ్చాను. డాక్టరుగారు కోప్పడతారని చెప్పలేదు. నీ రిపోర్టులో ఏమీ లేదన్నావు కదా, ఆపేశాను" అన్నారు.

ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తరువాత ఈ పోగుల సంగతి తెలుసుకోవడం నాకు చదువు కాదు, ప్రాయశ్చిత్తం అయింది. ఏళ్ళ తరబడి అక్కడొకటి ఇక్కడొకటి చదివి పోగుచేసుకున్నది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

*

ముందు ఒక మాట తగువు తీర్చుకుందాం. బాక్టీరియా చుట్టూ ఉండే గట్టి పొరను మన పాఠ్యపుస్తకాల్లో కణకవచం అంటారు. కొందరు కణకుడ్యం అంటారు. కుడ్యమంటే గోడ. గోడ కట్టాక కదలదు, పెరగదు. ఈ పొర అలాంటిది కాదు. జీవితో పాటు పెరుగుతూ, క్షణక్షణం విప్పుకుంటూ కుట్టుకుంటూ ఉంటుంది. అందుచేత నా ఓటు కవచానికే. అందులోనూ కర్ణుడిది. ఒంటితో పాటు పుట్టి, ఒంటితో పాటు పెరిగిన సహజ కవచం.

ఈ కవచం దేనితో చేసినది? రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని తరువాత ఒకటి గుచ్చిన పొడుగాటి దండలు. ఆ దండలను అడ్డంగా ముడివేసే చిన్న చిన్న అమైనో ఆమ్లాల పోగులు. మొత్తం కలిసి జీవిని చుట్టుముట్టిన ఒకే ఒక్క వలసంచి. దీని పేరు పెప్టిడోగ్లైకాన్. ఈ సంచి యావత్తూ నిజానికి ఒకే ఒక మహాణువు అని 1964లో వైడెల్, పెల్జర్ అనే శాస్త్రవేత్తలు రాశారు. ఇ.కోలైని పగలగొట్టి, లోపలి సరుకంతా కడిగేసినా ఈ సంచి మిగులుతుంది. అదీ కడ్డీ ఆకారంలోనే మిగులుతుంది! అంటే ఆ జీవి ఆకారం దాని లోపలి పదార్థంలో లేదు, ఈ సంచిలో ఉంది.

సంచి ఎందుకు కావాలి? లోపల ఒత్తిడి ఉంది కనుక. బాక్టీరియా లోపల ఉప్పులు, చక్కెరలు, ప్రోటీనులు కిక్కిరిసి ఉంటాయి. బయటి నీరు లోపలికి దూరాలని చూస్తుంది. ఇ.కోలైలో ఆ ఒత్తిడి కారు చక్రంలోని గాలి ఒత్తిడితో పోల్చదగ్గది. గ్రామ్ ఊదారంగు నిలుపుకునే జాతుల్లో అంతకు ఎన్నో రెట్లు. సైకిలు చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. లోపల మెత్తని రబ్బరు ట్యూబు, పైన గట్టి టైరు. గాలిని పట్టి ఉంచేది ట్యూబు. దాన్ని పగలనివ్వకుండా కాపాడేది టైరు. బాక్టీరియాకు ట్యూబు వంటిది కణత్వచం, టైరు వంటిది కణకవచం. టైరు ఒకచోట చిరిగితే ఏమవుతుందో మా కార్ఖానా సైకిలు షాపులో చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. చిరుగులోంచి ట్యూబు బుడిపెలా ఉబ్బుతుంది. ఉబ్బి, ఉబ్బి, ఢాం! నా స్లైడు మీద పోగు నడుమ కనిపించిన బుడిపె అదే.

ఇక పెన్సిలిన్ సంగతి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని కనిపెట్టిన కథ మీకందరికీ తెలుసు. అది బాక్టీరియాను ఎలా చంపుతుందన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. ఆకారం మారుతోందని ముందే గమనించారు. 1940లో ఆక్స్‌ఫర్డులో గార్డనర్ అనే ఆయన, చంపడానికి చాలనంత కొద్ది పెన్సిలిన్‌లో బాక్టీరియాను పెంచి, అవి పొడుగాటి దారాలుగా సాగడం చూశారు. 1946లో డ్యుగిడ్ మోతాదులు మార్చి మార్చి చూశారు. కొద్దిపాటి మందులో దారాలు, ఎక్కువ మందులో ఉబ్బి పగలడం. మందు జీవి బయటి పొర తయారీని అడ్డుకుంటోందని ఆయన ఊహించారు. 1956లో జాషువా లెడర్‌బర్గ్ ఇంకొక చిత్రం చేశారు. పెన్సిలిన్‌తో పాటు చిక్కని పంచదార నీరు కలిపారు. బయట కూడా చిక్కగా ఉంటే నీరు లోపలికి తోసుకు రాదు కదా! ఇ.కోలై పగలలేదు. కడ్డీ ఆకారం పోయి గుండ్రని బంతులుగా బతికాయి. మందు తీసేస్తే, మళ్ళీ గోడ కట్టుకుని కడ్డీలయ్యాయి. పెన్సిలిన్ దెబ్బ కవచానికే తప్ప ప్రాణానికి నేరుగా కాదని దీనితో రుజువైంది. కవచం పోయినవాణ్ణి చంపేది నీరు.

మందు చేసే మోసం ఏమిటో 1965లో టిప్పర్, స్ట్రోమింజర్ చెప్పారు. కవచంలో అడ్డపోగులను ముడివేసే ఎంజైములు ఉన్నాయి. అవి పోగు చివరనున్న రెండు డి-అలనైన్ అణువులను గుర్తుపట్టి ముడి వేస్తాయి. పెన్సిలిన్ ఆకారం అచ్చం ఆ కొస లాగే ఉంటుంది. ఎంజైము పోగనుకుని పెన్సిలిన్‌ను పట్టుకుంటుంది. ఇక వదిలించుకోలేదు. చేతికి జిగురంటిన దర్జీలాగా ఉండిపోతుంది. మన శరీర కణాలకు ఇలాంటి కవచం లేదు, కనుక ఈ మందుకు మనలో పట్టుకోవడానికి ఏమీ లేదు. పెన్సిలిన్ గొప్పతనమంతా ఇందులో ఉంది.

ఇక్కడ మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేను. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలో, 1948లో డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అది పెద్దక్క. అది కవచాన్ని ముట్టుకోదు. లోపల ప్రోటీనులు తయారుచేసే యంత్రాన్ని ఆపుతుంది. ఒకటి ప్రహరీ పని ఆపితే, మరొకటి వంటిల్లు మూయిస్తుంది. అందుకే టెట్రాసైక్లిన్ ఇచ్చిన బాక్టీరియా మామూలుగా పగలదు. ఎదగకుండా ఉన్నచోటే నిలిచిపోతుంది.

మరి పోగులెందుకు? ఈ ప్రశ్నకు జవాబు 1975లో బ్రయన్ స్ప్రాట్ ఇచ్చారు. కుట్టుపని చేసే దర్జీ ఒక్కడు కాదు, ముగ్గురు నలుగురున్నారు. తలా ఒక పని. ఒకరు గోడ మొత్తానికి ఆధారమైన కుట్టు వేస్తారు. ఇంకొకరు కడ్డీని పొడుగు సాగదీస్తారు. మూడవవారు కడ్డీ రెండుగా చీలేటప్పుడు నడుమ అడ్డుగోడ కడతారు. వీటికి పెన్సిలిన్‌ను పట్టుకునే ప్రోటీనులని పేరు, 1, 2, 3 అని అంకెలు. ఏ మందు ఏ దర్జీ చేతిని పట్టుకుంటుందో, దాన్నిబట్టి ఆకారం మారుతుంది. మెసిలినం అనే మందు రెండవవాడిని పట్టుకుంటుంది. సాగదీసేవాడు లేక జీవి నిమ్మకాయలా గుండ్రమవుతుంది. సెఫలెక్సిన్ మూడవవాడిని పట్టుకుంటుంది. సాగడం సాగుతూనే ఉంటుంది, చీలడం మాత్రం ఉండదు. మిల్లీమీటరులో 500వ వంతు పొడవుండవలసిన జీవి 20వ వంతు దాకా పెరిగి దారమవుతుంది. మొదటివాడిని పట్టుకునే మందయితే ఈ సొగసులేమీ లేవు, నేరుగా పగలడమే.

అంటే నా స్లైడు ఒక వాంగ్మూలం. చదవడం వచ్చినవాళ్ళకు అందులో అంతా రాసి ఉంది. "నేను ఇ.కోలైని. నాకు పక్షవాతం వచ్చినట్లుంది, చీలలేకపోతున్నాను. ఎవరో నాకు మందు పెట్టారు. కానీ నేనింకా చావలేదు."

ఆ చివరి వాక్యమే ముఖ్యం. మందు ఆగితే దారం చావదు. ఎక్కడెక్కడ అడ్డుగోడలు రావలసి ఉందో అక్కడల్లా చీలి, ఒక్క దారం నుంచి ఎన్నో కడ్డీలు పుడతాయి. మూత్రాశయంలో ఈ పొడుగు వాటికి ఇంకో మేలు కూడా చేస్తుంది. మన తెల్ల రక్తకణాలు పొట్టి కడ్డీని మింగినంత సులువుగా బారెడు దారాన్ని మింగలేవు. పలకల మీద ఎందుకు మొలవలేదన్నది కూడా అర్థమైంది. పిన్నిగారు ఆ ఉదయం వేసుకున్న క్యాప్సూలు మూత్రంలోకి దిగింది. మూత్రంతో పాటు పలక మీదికీ వచ్చింది. పలక మీద కూడా మందు తన పని చేసింది. చీము కణాలు బోలెడుండి కల్చరులో ఏమీ పెరగలేదంటే "ఇన్‌ఫెక్షను లేదు" అని కాదు అర్థం. అప్పటికే మందు వాడి ఉండవచ్చు, క్షయ కావచ్చు, మామూలు పలకల మీద పెరగని మరేదైనా కావచ్చు. తరగతిలో ఇది నాకు చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. మార్కులు పడ్డాయి.

*

కార్ఖానా నుంచి సికిందరాబాదు, తార్నాక మీదుగా వెళితే హబ్సిగూడలో సీసీఎంబీ వస్తుంది. పుష్పమిత్ర భార్గవగారు నిలబెట్టిన సంస్థ. ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు. ఈ కవచం కథలో ఒక పెద్ద మలుపు ఆ ప్రహరీ లోపలే జరిగిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మలుపు ఏమిటంటే ఇది. అందరూ గోడ కట్టేవాళ్ళ గురించే ఆలోచిస్తున్నారు. కానీ కట్టడానికి ముందు ఒక చిక్కుంది. బిగుతైపోయిన రవికను వదులు చేయాలంటే ఏం చేస్తాం? ముందు కుట్టు విప్పుతాం, తరువాత గుడ్డ కలుపుతాం. ముక్క చేర్చాలంటే విప్పక తప్పదు. బాక్టీరియా కవచం ఒకే మూసిన సంచి అయినప్పుడు, అది పెరగాలంటే ఎవరో దాన్ని అక్కడక్కడ విప్పాలి. అయితే విప్పేవాడెవడు? ఎంత జాగ్రత్తగా విప్పాలో చూడండి, కొంచెం ఎక్కువ విప్పినా లోపలి ఒత్తిడికి ఢాం!

సీసీఎంబీలో మంజులా రెడ్డిగారి బృందం 2012లో ఆ విప్పేవాళ్ళను పట్టుకుంది. ఇ.కోలైలో మూడు ఎంజైములున్నాయి: మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్. అడ్డపోగుల ముడులను ఇవి కత్తిరిస్తాయి. ఒకటి లేకపోతే మరొకటి ఆదుకుంటుంది. మూడూ లేకపోతే మాత్రం కవచంలోకి కొత్త దండ ఒక్కటీ చేరలేదు; జీవి పగిలిపోతుంది. కత్తిరించేవాడు లేకపోతే గోడ మరింత గట్టిగా ఉంటుందని మనమనుకుంటాం. తీరా చూస్తే, కత్తెర లేనిదే కుట్టు లేదు. ఇక ఆ కత్తెరకు కాపలా ఎవరన్నది 2015లో వారే చెప్పారు. ఎన్‌ఎల్‌పిఐ అనే ప్రోటీను మెప్‌ఎస్‌ను పట్టి తెచ్చి, పిఆర్‌సి అనే మరో ఎంజైముకు అప్పగిస్తుంది. అది మెప్‌ఎస్‌ను తినేస్తుంది. కావలసినంతసేపే కత్తెర, ఆ పైన లేదు. ఈ పరిశోధనలకు గాను మంజులా రెడ్డిగారికి 2019లో జీవశాస్త్రాల ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

ఇది చదివాకే కర్ణుడి పోలిక నాకు పూర్తిగా బోధపడింది. ఇంద్రుడు కవచం లాక్కోలేదు, అడిగాడంతే. ఒంటి నుంచి కోసి ఇచ్చినది కర్ణుడి చేతులే. పెన్సిలిన్ కూడా అంతే. అది గోడను తాకదు. కుట్టేవాడి చేయి మాత్రమే పట్టుకుంటుంది. విప్పేవాడు తన పని తాను చేసుకుపోతూనే ఉంటాడు. కుట్టు లేని విప్పడం వల్ల జీవి తన కవచాన్ని తానే కోసుకుంటుంది. అంతటితోనూ అయిపోలేదు. 2014లో బెర్న్‌హార్డ్ బృందం మరొకటి చూపించింది. మందు పట్టిన జీవి కొత్త దండలు గుచ్చడం మానదు. గుచ్చినదాన్ని ముడివేయలేక, గుచ్చింది గుచ్చినట్టే మళ్ళీ ముక్కలు చేసుకుంటుంది. గుచ్చడం, తెంపడం; గుచ్చడం, తెంపడం. సరుకంతా ఆ వృథా శ్రమకే పోతుంది. కార్ఖానా నడుస్తూనే ఉంటుంది గాని, వాకిట్లోకి వస్తువు రాదు.

అసలు కవచమే వదిలేసి బతికేవి కూడా ఉన్నాయి. జర్మనీ నుంచి లండనుకు తరలివచ్చిన ఎమీ క్లీనెబర్గర్ 1935లో, గోడ లేకుండా పెరిగే రూపాలను వర్ణించి, తాను పనిచేస్తున్న లిస్టర్ సంస్థ పేరు మీద వాటికి ఎల్-రూపాలని పేరు పెట్టారు. చాలాకాలం వీటిని ప్రయోగశాల వింతగానే చూశారు. 2019లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరింగ్టన్ బృందం, మాటిమాటికీ మూత్ర ఇన్‌ఫెక్షను వచ్చే వృద్ధుల మూత్రంలో ఇలాంటి గోడలేని రూపాలు ఉన్నాయని ప్రకటించింది. గోడే లేనిదాన్ని గోడ మీద దెబ్బకొట్టే మందు ఏం చేస్తుంది? అది చూసీ చూడనట్టు కూర్చుంటుంది. మందు వెళ్ళిపోయాక మళ్ళీ గోడ కట్టుకుంటుంది. మామూలు పలకల మీద ఇవి పెరగవు. "పెరుగుదల లేదు" అని నేను ఇంకెన్నిసార్లు రాశానో!

*

మందులు తయారుచేసే ఊరు మనది. బాలానగర్ ఐడీపీఎల్ కాలం నుంచి ఎన్ని కార్ఖానాలో. ఆ గొప్పకు నీడ కూడా ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మనిషి రక్తంలో చికిత్సకు ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ మందు కవచాన్ని కాదు, డి.ఎన్.ఏ. పనిని అడ్డుకుంటుంది. కానీ దాని దెబ్బకూ బాక్టీరియా చీలడం ఆపి దారాలవుతాయి. నా స్లైడులో ఒక మనిషి మూత్రంలో కనిపించిన కథ, అక్కడ వాగుల్లో జరుగుతోందన్నమాట. సగం మోతాదులో బతికి బయటపడ్డ ప్రతి దారమూ నేర్చుకుంటూ పోయే పాఠం ఒక్కటే.

2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లను హెచ్1 జాబితాలో చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదని, అమ్మినది పుస్తకంలో రాయాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. మంచిదే. కాని నా అనుభవంలో నిబంధన కంటే ముందు కావలసినది ఒక ప్రశ్న. ఖర్చులేని ప్రశ్న. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించే ముందు, మనిషి ముఖంలోకి చూసి అడగవలసిన ప్రశ్న.

పిన్నిగారికి నా తప్పు చెప్పడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. ఒక ఉగాది మధ్యాహ్నం, పచ్చడి గిన్నె ఇవ్వడానికి వెళ్ళి, కూర్చుని, మొత్తం చెప్పేశాను. పోగులు, బుడిపె, తొట్టిలో వేసిన స్లైడు, అన్నీ. ఆవిడ సావధానంగా విన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నారు: "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం చెరిసగం." మళ్ళీ కొంచెం ఆగి, "కాకపోతే, పడుకున్నది మాత్రం నేనే" అన్నారు.

ఆ రెండవ మాట అన్నందుకు ఆవిడకు నేను రుణపడి ఉన్నాను. క్షమించేసి ఊరుకుంటే నేను తేలిగ్గా మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు మొదటి రోజు నేను గ్రామ్ రంగులు నేర్పను. చీటీలో పేరు, వయసు కింద నేను చేత్తో గీయించిన గడి ఒకటి చూపిస్తాను. "గత వారంలో ఏవైనా మందులు వేసుకున్నారా? ఎన్ని? చివరిది ఎప్పుడు?" అది ఖాళీగా ఉంటే సీసా తీసుకోవద్దంటాను. పోగులు కనిపిస్తే నాకు చూపించకుండా స్లైడు పారేయవద్దంటాను. వాటిలో చాలావరకు నిజంగానే దూది పోగులు. అయినా చూస్తాను.

పిన్నిగారికి ఎనభై దాటాయి. నడక తగ్గింది, చెవులు మందగించాయి. మొన్న మనవడి చేయి పట్టుకుని సీసాతో వచ్చారు. నేను గడి దగ్గర కలం పెట్టి నోరు తెరిచేలోపే, ల్యాబంతా వినిపించేలా గట్టిగా చెప్పారు.

"మూడు మాత్రలు వేసుకున్నానే అమ్మాయ్. చివరిది నిన్న రాత్రి. రాసుకో!"